నూనె ఎక్కడికి పోయింది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాది 1985-86 పదో తరగతి బ్యాచి. సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి "మీ వృత్తి గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి, పిల్లలకు ఉపయోగంగా ఉంటుంది" అన్నారు. నా వృత్తి ఏమిటో ఆయనకి సరిగ్గా తెలుసా అని నాకు అనుమానం. మా బంధువుల్లో సగం మందికి నేను ఏసీలు బాగుచేసేవాణ్ణి. పెళ్ళిళ్ళలో విస్తరి ముందు కూర్చోగానే "మా బెడ్రూమ్ ఏసీ నీళ్ళు కారుతోందిరా, ఒకసారి చూస్తావా" అంటారు. చూస్తాను. డ్రెయిన్ పైపులో బురద తీస్తే సరిపోతుంది. కానీ నా పని అది కాదు.

నేను ముప్పై ఏళ్ళుగా చిల్లర్ల మీద పనిచేస్తున్నాను. పెద్ద ఆసుపత్రులు, మాల్స్, ఐటీ ఆఫీసులు ఉంటాయి కదా, వాటిలో గదికో ఏసీ పెట్టరు. సెల్లార్లోనో, మిద్దె మీదో ఒక పెద్ద మెషీను ఉంటుంది. అది నీళ్ళని 7 డిగ్రీల దాకా చల్లబరిచి, పైపుల్లో భవనమంతా తిప్పుతుంది. ఆ నీళ్ళు గదుల్లో ఉన్న వేడిని మోసుకుని 12 డిగ్రీలకి వేడెక్కి తిరిగొస్తాయి. మళ్ళీ చల్లబరచాలి, మళ్ళీ పంపాలి. రాత్రీ పగలూ అదే పని. ఆ మెషీనుని చిల్లర్ అంటారు. అందులో గ్యాసుని పిండి ముందుకు తోసే భాగం కంప్రెసర్.

ఈరోజు నేను చెప్పబోయేది ఆ కంప్రెసర్లో నూనె గురించి. నూనె గురించి ఏముంటుంది చెప్పడానికి అనుకోవచ్చు. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు ఆ నూనె దగ్గరే చేశాను. ఆ తప్పు చేయకుండా ఉండటానికి కావలసిన పాఠం నాకు ఈ బడిలోనే, ఆ చివరి సైన్సు గదిలోనే చెప్పారు. చెప్పిన మాస్టారు ఇక్కడే ముందు వరసలో ఉన్నారు. ఈ సంగతి ఆయనకి ఇప్పటిదాకా చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు.

ముందు ఆ పాఠం. మా బ్యాచి వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. సైన్సు గదిలో అప్పుడు ఒకే ఒక్క త్రాసు. తూకపు రాళ్ళ పెట్టె, వాటిని చేత్తో ముట్టుకోకుండా చిన్న చిమటా. మాస్టారు పది గ్రాముల ఉప్పు తూచి, బీకరులో నీళ్ళు పోసి కలిపారు. "ఉప్పేదిరా?" అన్నారు. "కరిగిపోయింది సార్" అన్నాం. "పోయిందా?" అని ఆ నీళ్ళని పింగాణీ గిన్నెలో పోసి కిరసనాయిల్ స్టవ్ మీద మరిగించారు. నీళ్ళన్నీ ఆవిరయ్యాక గిన్నెకి తెల్లగా అట్టకట్టింది. గీకి తూస్తే తొమ్మిదిన్నర గ్రాములు వచ్చింది. "మిగతా అర గ్రామేదీ?" అన్నారు. వెనక బెంచీ నుంచి ఎవడో "పోయింది సార్" అన్నాడు. ఆ ఎవడో నేనే.

ఆ రోజు నన్నూ, నా పక్కన కూర్చున్న పాపానికి ఇంకో ఇద్దరినీ బడి వదిలాక ఉంచేశారు. గాజు కడ్డీకి అంటుకున్నది, గిన్నె అంచు దాటి చిట్లి స్టవ్ మీద పడింది, బీకరు గోడకి మిగిలింది, అన్నీ చూపించారు. "పోయింది అనే మాట ఈ గదిలో వాడొద్దు. ఎక్కడుందో తెలియలేదు అను. పోయింది అంటే వెతకడం మానేస్తావు" అన్నారు. ఆకలేస్తోంది, ఇంటికి పోవాలి. తలూపి వచ్చేశాను.

ఇక కంప్రెసర్ సంగతి. నేను చెప్పే రకంలో ఒకదానిలో ఒకటి ఇమిడి తిరిగే రెండు ఉక్కు స్క్రూలు ఉంటాయి. నిమిషానికి దాదాపు 3000 చుట్లు. వాటి మధ్య సందు వెంట్రుకంత. ఆ సందుని మూసేది నూనె. స్క్రూలని చల్లార్చేదీ, బేరింగులు అరగకుండా చూసేదీ నూనే. ఇన్ని పనులు చేస్తుంది కాబట్టి గ్యాసుతో కలిసే ఉంటుంది, గ్యాసు బయటికి పోయేటప్పుడు దానితో పాటే వెళుతుంది. అది ఆ మెషీను స్వభావం, జబ్బు కాదు. అందుకే బయటికి వచ్చే దారిలో ఆయిల్ సెపరేటర్ అని ఒక డ్రమ్ము పెడతారు. గ్యాసు అందులోకి రాగానే వేగం తగ్గుతుంది, నూనె చుక్కలు అడుక్కి రాలిపోతాయి, మళ్ళీ కంప్రెసర్లోకి చేరతాయి. అయితే ఎంత మంచి సెపరేటరైనా నూటికి నూరుపాళ్ళూ పట్టదు. తప్పించుకున్న కాస్తా గ్యాసుతో పాటు కండెన్సర్లోకి, అక్కణ్ణించి ఎవాపరేటర్లోకి చేరుతుంది.

ఎవాపరేటర్ అంటే నీళ్ళు చల్లబడే చోటు. పెద్ద గొట్టంలాంటి డ్రమ్ము, దాని లోపల వందల రాగి గొట్టాలు. గొట్టాల లోపల నీళ్ళు, బయట ద్రవంగా ఉన్న గ్యాసు. నీళ్ళలోని వేడికి అది మరిగి ఆవిరై కంప్రెసర్లోకి వెళ్ళిపోతుంది. నూనె మరగదు. గ్యాసు పోతుంది, నూనె ఉండిపోతుంది. పింగాణీ గిన్నెలో ఉప్పులాగా. మాస్టారు స్టవ్ మీద ఏం చేశారో ఈ మెషీను ఇరవై నాలుగు గంటలూ అదే చేస్తూ ఉంటుంది.

కాబట్టి అక్కడ చేరిన నూనెని వెనక్కి తెచ్చే ఏర్పాటు కూడా ఉండాలి. దాన్ని ఎడక్టర్ అంటాం. కంప్రెసర్ నుంచి వచ్చే అధిక పీడనపు గ్యాసుని ఒక సన్నని నాజిల్ గుండా చిమ్మితే, ఆ ఊపుకి పక్క పైపులోంచి నూనె కలిసిన ద్రవం పీల్చుకుపోయి కంప్రెసర్లో పడుతుంది. చూడ్డానికి చిటికెన వేలంత పైపు. దాంట్లో ఒక జల్లెడ, ఒక ఫిల్టరు. కోటి రూపాయల మెషీను ప్రాణం ఆ పైపులో ఉంటుందంటే నమ్మరు.

ఇప్పుడు నా కథ. 2009 డిసెంబర్. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి. పేరు వద్దు. 200 టన్నుల చిల్లర్లు రెండు. లోపల గ్యాసు ఆర్ 134ఎ. మా కంపెనీ వాటికి సర్వీసు చేసేది, నేను సర్వీసు ఇంజనీరుని. అక్కడ నైట్ షిఫ్టు ఆపరేటరు ఐటీఐ చదివిన కుర్రాడు, ఇరవై మూడేళ్ళుంటాయి, కాంట్రాక్టు మనిషి.

ఒక తెల్లవారుజామున ఒకటో నంబరు మెషీను "లో ఆయిల్" అని చూపించి ఆగిపోయింది. సైట్ గ్లాసులో నూనె కనిపించలేదు. కుర్రాడు ఫోన్ చేశాడు. "అయిదు లీటర్లు పొయ్యి" అన్నాను. పోశాడు, నడిచింది. రెండు వారాలకి మళ్ళీ. మళ్ళీ అయిదు లీటర్లు. జనవరి మధ్యలో మూడోసారి. మొత్తం 15 లీటర్లు.

మూడోసారి నేనే వెళ్ళాను. సబ్బు నీళ్ళు పెట్టి చూశాను, లీకు డిటెక్టరు పట్టుకుని ప్రతి జాయింటూ తిరిగాను. గ్యాసు లీకైతే దానితో పాటు నూనె కూడా బయటికి వస్తుంది, ఆ చోట జిడ్డు మరక, దాని మీద దుమ్ము పడుతుంది. అలాంటిది ఎక్కడా లేదు. నేల పొడిగా ఉంది. గ్యాసు తగ్గలేదు. రిపోర్టులో ఒక వాక్యం రాశాను. "లీకేజీ లేదు. 15 లీటర్ల ఆయిల్ పోయింది. కారణం తెలియదు." సంతకం పెట్టి, ఆసుపత్రి వాళ్ళకి ఒక కాపీ ఇచ్చి వచ్చేశాను. బయట ఇంకో సైట్ కాల్ ఉంది.

ఆ వాక్యాన్ని ఇంజనీరు కానివాడు ఎలా చదువుతాడో ఆలోచించండి. మెషీన్లోంచి కారలేదు. కానీ పోయింది. అంటే పొయ్యలేదన్నమాట! స్టోర్ రిజిస్టరులో క్యాన్లు తీసుకున్నట్టు ఎవరి సంతకముంది? ఆ కుర్రాడిది. ఆ నూనె ఒక్క లీటరు ఖరీదు వాడి రోజు జీతం కంటే చాలా ఎక్కువ. బయట మెకానిక్కులు కొనుక్కుంటారు కూడా. నెలాఖరుకి వాణ్ణి పంపించేశారు. పోలీసు కేసు పెట్టలేదు, పెట్టకపోవడమే దయ అన్నట్టు మాట్లాడారు. నాకు ఆ విషయం వారం తర్వాత తెలిసింది. "అయ్యో, మంచి కుర్రాడే అనుకున్నానే" అన్నాను. అంతే అన్నాను. నేనూ నమ్మేశాను.

ఫిబ్రవరి ఆఖర్లో ఎండలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం అదే ఆసుపత్రి నుంచి ఫోన్. "సార్, ఒకటో నంబర్లో ఆయిల్ ఎక్కువైంది. పై గ్లాసు కూడా నిండిపోయింది."

నూనె ఎక్కువవడమేమిటి? ఎవరూ పొయ్యలేదు. దొంగ వచ్చి తిరిగిచ్చి వెళ్ళాడా?

ఆ ఫోన్ పెట్టేశాక నాకు ముందుగా గుర్తొచ్చింది కిరసనాయిల్ స్టవ్. నిజంగా చెబుతున్నాను. చెమటలు పట్టాయి.

వెళ్ళి మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చుని లాగ్‌బుక్కు చదివాను. చాలా చోట్ల లాగ్‌బుక్కులు కుర్చీలోంచి లేవకుండా నింపుతారు. నాలుగు గంటల రీడింగూ ఆరు గంటల రీడింగూ కవలపిల్లల్లా ఉంటాయి. అందుకే మాలాంటి వాళ్ళం వాటిని పెద్దగా నమ్మం, తిప్పి చూడం. కానీ ఆ నైట్ షిఫ్టు పేజీలు వేరు. ప్రతి రెండు గంటలకీ కొత్త అంకెలు, గుండ్రటి చేతిరాత. తెల్లవారుజామున 4 గంటలకి కూలింగ్ టవర్ నుంచి వచ్చే నీళ్ళు 17 డిగ్రీలు. ఇంకో రోజు 16. పక్కన చిన్నగా "ఫ్యాన్ ఆగట్లేదు" అని రాసి ఉంది. డిసెంబర్లోనే రాశాడు.

ఇంకో రెండు గడులు చూశాను. ఎవాపరేటర్ నుంచి బయటికొచ్చే నీళ్ళ ఉష్ణోగ్రత, లోపల గ్యాసు మరిగే ఉష్ణోగ్రత. ఈ రెంటి మధ్య తేడాని అప్రోచ్ అంటాం. నవంబర్లో నీళ్ళు 7, గ్యాసు 5.5. తేడా ఒకటిన్నర డిగ్రీ. జనవరి మధ్యకి నీళ్ళు అదే 7, గ్యాసు 3. తేడా నాలుగు. రాగి గొట్టాల చుట్టూ నూనె చేరుతున్న కొద్దీ వేడి అందడం కష్టమవుతుంది, అదే నీటిని చల్లబరచడానికి గ్యాసు ఇంకా చల్లగా మరగాల్సి వస్తుంది. గ్యాసు తగ్గినా, గొట్టాల్లో పాచి పట్టినా కూడా ఈ తేడా పెరుగుతుంది, కాదనను. కానీ గ్యాసు తగ్గలేదని నేనే రాశాను. నీళ్ళు మూసి ఉన్న సర్క్యూట్, శుభ్రంగానే ఉన్నాయి. మిగిలింది నూనె ఒక్కటే. రెండు నెలల పాటు ప్రతి రాత్రీ ఆ కుర్రాడు "నూనె ఇక్కడుంది" అని అంకెల్లో రాస్తూ పోయాడు. వాడికీ ఆ సంగతి తెలియదు. తెలియాల్సిన నేను చదవలేదు.

జరిగింది ఇది. ఆ వేసవిలో కూలింగ్ టవర్ ఫ్యాన్ థర్మోస్టాట్ పాడైతే, మా మనుషులే దాన్ని తీసేసి ఫ్యాన్‌ని డైరెక్ట్ చేశారు. వేసవిలో ఏ ఇబ్బందీ లేదు. చలికాలం తెల్లవారుజామున లోడు తక్కువ, బయట గాలి చల్లన, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది, నీళ్ళు 16, 17 డిగ్రీలకి పోయాయి. కండెన్సర్ నీళ్ళు ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. కరెంటు ఖర్చు వరకు నిజమే, కానీ దానికో హద్దుంది. నీళ్ళు మరీ చల్లబడితే కండెన్సర్లో పీడనం పడిపోతుంది. వేసవిలో రెండు వైపులా పీడనాల మధ్య ఆరు బార్లకి పైగా తేడా ఉండే మెషీన్లో, ఆ తెల్లవారుజాముల్లో రెండున్నర ఉండేది. ఎడక్టర్ నాజిల్‌లో చిమ్మే బలం ఆ తేడాదే. అది లేకపోతే ఎడక్టర్ పీల్చదు. పైగా పీడనం తగ్గితే గ్యాసు ఉబ్బుతుంది, ఉబ్బిన గ్యాసు సెపరేటర్లోంచి జోరుగా దూసుకుపోతుంది, నూనె చుక్కలు రాలడానికి తీరిక ఉండదు. పోయేది ఎక్కువ, వచ్చేది సున్నా. ఎండలొచ్చాక పీడనం పెరిగింది, ఎడక్టర్ పని మొదలుపెట్టింది, పుట్టింటికి వెళ్ళిన మనిషి పెట్టెలతో సహా దిగినట్టు నూనె దిగింది.

అయినా అనుకుంటే చాలదు కదా, తూచాలి. సంప్‌లోంచి ఎక్కువైన నూనె తీస్తే 9 లీటర్లు వచ్చింది. తర్వాత ఎవాపరేటర్లోంచి అర కిలో ద్రవాన్ని ఖాళీ సిలిండర్లోకి తీసుకున్నాను. ముందు సిలిండర్ బరువు తూచాను. గ్యాసునంతా రికవరీ మెషీన్‌తో నెమ్మదిగా లాగేశాక మళ్ళీ తూచాను. 15 గ్రాములు ఎక్కువ తూగింది. నూటికి మూడుపాళ్ళు. మెషీన్లో గ్యాసు 250 కిలోలు, అందులో మూడుపాళ్ళంటే ఏడున్నర కిలోలు. ఆ రకం నూనె లీటరు దాదాపు కిలో తూగుతుంది. తొమ్మిదీ ఏడున్నరా పదహారున్నర. పోసింది 15. ఏ మెషీన్లోనైనా కొంచెం నూనె ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ ఎక్కువ కూడా లెక్కకి అందింది.

ఒక్క లీటరు కూడా ఎవరూ తీసుకెళ్ళలేదు.

ఇక్కడ మా వృత్తిలో ఉన్న తమ్ముళ్ళ కోసం ఒక మాట. సభలో నలుగురైదుగురు కనిపిస్తున్నారు. గ్లాసులో నూనె కనిపించకపోతే చెయ్యి మొదట క్యాను మీదకి పోతుంది. పోనివ్వకండి. మెషీను ఆగి ఉంటే మళ్ళీ నడవడానికి పొయ్యక తప్పదనుకోండి, పోసినంతా తేదీతో సహా మెషీను మీదే రాసిపెట్టండి. ఎందుకంటే అది ఒక రోజు తిరిగొస్తుంది, అప్పుడు తీయాలి. తర్వాత నూనె తిరిగొచ్చే పైపుని చేత్తో పట్టుకుని చూడండి. ఫ్లోట్ ఉన్న సెపరేటర్ అయితే ఆ పైపు కాసేపు వెచ్చగా, కాసేపు చల్లగా మారుతూ ఉండాలి. ఎప్పుడూ చల్లగానే ఉంటే ఫ్లోట్ మూసుకుపోయి ఉంటుంది, లేదా జల్లెడ పూడి ఉంటుంది. ఎప్పుడూ కాలిపోతుంటే ఫ్లోట్ తెరుచుకుని ఉండిపోయింది, నూనెకి బదులు వేడి గ్యాసు వస్తోంది. చేతికి మించిన పరికరం లేదు. ఎప్పటి నుంచి మొదలైంది, అప్పుడు ఏం మారింది అని అక్కడ రాత్రంతా కూర్చునే మనిషిని అడగండి. ఇంజనీర్లం అడగం, అదే వచ్చిన చిక్కు.

నూనె దాక్కునే చోటు ప్రతిసారీ ఎవాపరేటరే కానక్కర్లేదు. ఒక ఫంక్షన్ హాల్ సంగతి చెబుతాను. మూఢం వచ్చింది, పెళ్ళిళ్ళు లేవు. యజమాని కరెంటు దండగని మిద్దె మీద చిల్లర్‌కి మెయిన్ స్విచ్చే తీసేశాడు. మూఢం పోయి మొదటి ముహూర్తం, మధ్యాహ్నం మూడింటికి మెషీను వేశారు. నిమిషంలో ఆయిల్ ట్రిప్పు. మళ్ళీ వేస్తే మళ్ళీ ట్రిప్పు. మెకానిక్ కుర్రాడు మూడు లీటర్లు పోశాడు. అసలు విషయమేమిటంటే, కంప్రెసర్ అడుగున నూనెని వెచ్చగా ఉంచే చిన్న హీటరు ఉంటుంది. పాతకాలపు బల్బంత కరెంటు తింటుంది. మెయిన్ తీసేస్తే అదీ ఆరిపోతుంది. చల్లబడిన నూనెలోకి రోజుల తరబడి గ్యాసు చేరి కరిగిపోతుంది. మెషీను వెయ్యగానే లోపల పీడనం ఒక్కసారిగా పడుతుంది. మన సెంటర్లో గోలీ సోడా కొట్టినట్టే! బుస్సుమని నురగ, ఆ నురగతో పాటు నూనె బయటికి. నూనె తక్కువై కాదు, గ్యాసు ఎక్కువ తాగి. మళ్ళీ మెషీను వెయ్యడానికి కనీసం ఒక రోజు ముందు హీటర్ వేసి ఉంచమంటే ఆయన "పంతులు గారు ముహూర్తం పెట్టినప్పుడే మీకూ ఫోన్ చేస్తాను" అన్నాడు. చేస్తున్నాడు కూడా.

ఇంకోచోట కింద అంతస్తుల నుంచి మిద్దెకి గ్యాసు పైపు వేసినవాడు పెద్దది వేస్తే మంచిదని ఒక సైజు పెద్దది వేశాడు. నిలువు పైపులో గ్యాసు సెకనుకి అయిదు మీటర్లకి తగ్గకుండా ఎక్కితేనే నూనెని గోడ వెంట పైకి లాక్కుపోగలదని మాకో లెక్క. పైపు లావైతే వేగం తగ్గుతుంది, నూనె కిందే కూర్చుంటుంది. రాత్రి లోడు తక్కువైనప్పుడు మరీను. అక్కడ పైపే మార్చాల్సి వచ్చింది.

ఆసుపత్రి దగ్గర చేసిన మరమ్మతు చిన్నదే. ఫ్యాన్‌కి థర్మోస్టాట్ పెట్టాం, టవర్ నీళ్ళు 20 డిగ్రీలకి దిగకుండా బైపాస్ వాల్వు పెట్టాం, ఎడక్టర్ ఫిల్టర్ మార్చాం. ఆ తర్వాతి చలికాలంలో ఒక్క చుక్క పొయ్యలేదు.

నా రిపోర్టు మార్చడం అంత చిన్న పని కాలేదు. మా ఆఫీసులో "పాతది ఎందుకు తవ్వుతావు, థర్మోస్టాట్ డైరెక్ట్ చేసింది మనమే కదా" అన్నారు. ఆసుపత్రిలో "ఆ కుర్రాడు ఎలాగూ వెళ్ళిపోయాడు కదండీ" అన్నారు. అయినా రాశాను. మొదటి రిపోర్టులో నా వాక్యం తప్పు, నూనె మెషీన్లోనే ఉంది, తూకం లెక్క ఇదీ, ఆపరేటరు రాసిన రీడింగులే రుజువు అని రాసి పట్టుకెళ్ళి ఇచ్చాను. చివరికి, దొంగతనం ఏమీ జరగలేదని కాగితం మీద పెట్టి ఇచ్చారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని వాణ్ణి వెతకడానికి నాకు ఆరు నెలలు పట్టింది. పాత ఫోన్ నంబరు పనిచెయ్యలేదు. వాడితో షిఫ్టు చేసిన ఇంకో ఆపరేటర్ ద్వారా తెలిసింది, గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో చేరాడని.

వెళ్ళాను. మిర్చి ఘాటుకి తుమ్ముతూనే ప్లాంటు గదిలోకి వెళ్ళాను. నన్ను చూసి లేచి "నమస్తే సార్" అన్నాడు, మామూలుగానే.

"నూనె దొరికింది బాబూ" అన్నాను.

"ఎక్కడ సార్?"

"ఎవాపరేటర్లో. టవర్ నీళ్ళు చల్లబడి ఎడక్టర్ పీల్చలేదు."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు. "మూడోసారి మీరొచ్చినప్పుడు అడుగుదామనుకున్నాను సార్. పొద్దునపూట టవర్ నీళ్ళు మరీ చల్లగా ఉంటున్నాయి, దానివల్ల ఏమైనా అవుతుందా అని. మీరు హడావిడిగా ఉన్నారు."

నేను తెచ్చిన కాగితం ఇచ్చాను. కాంట్రాక్టరు మళ్ళీ తీసుకుంటానన్నాడని కూడా చెప్పాను. "ఇక్కడ బాగానే ఉంది సార్. కాగితం మాత్రం ఉంచుకుంటాను, మా నాన్నకి చూపించాలి" అన్నాడు. మడత పెట్టలేదు. ఒక ప్లాస్టిక్ కవరు వెతికి అందులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత నాకు ప్లాంటు చూపించాడు. అక్కడ గ్యాసు అమ్మోనియా. మా చిల్లర్లలో నూనె గ్యాసుతో కలిసిపోతుంది, అమ్మోనియాలో అంతగా కలవదు. పైగా ద్రవ అమ్మోనియా కంటే నూనె బరువు, అడుక్కి దిగుతుంది. అందుకని అడుగున ఒక కుండలాంటిది పెట్టి, జాగ్రత్తగా వాల్వు తిప్పి నూనె తీస్తూ ఉంటారు. గోడకి ఒక నోటు పుస్తకం వేలాడుతోంది. ఒక గడిలో "పోసింది", పక్క గడిలో "తీసింది". అదే గుండ్రటి చేతిరాత. "రెండూ సరిపోవాలి సార్. సరిపోకపోతే ఎక్కడో ఉన్నట్టే, వెతుక్కోవాలి" అన్నాడు. ఈ బడిలో చదువుకున్నవాడు కాదు. ఎక్కడ చదివాడో, ఎవరు చెప్పారో నేను అడగలేదు.

మాస్టారూ, అర గ్రాము ఉప్పు సంగతి ఆ రోజు సరిగ్గా వినలేదు. అది మీకు చెప్పాలని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను.

ఇంక కూర్చుంటాను. సంఘం వాళ్ళు సైన్సు గదికి ఏమైనా ఇమ్మని అడిగారు. డిజిటల్ త్రాసు ఒకటి తెచ్చాను. దానితో పాటు ఒక పాత స్క్రూ కంప్రెసర్ని లోపలి భాగాలు కనిపించేలా మధ్యకి కోయించి నిన్న లారీలో పంపాను. హెడ్మాస్టారి గది పక్క వరండాలో దింపారు. పిల్లలు వేలు పెట్టి స్క్రూలు తిప్పి చూడొచ్చు, తిరుగుతాయి. ఒక్క సంగతి, దాని కింద గోనెపట్టా పరిచి ఉంచండి. మూడుసార్లు కడిగించాను కానీ ఎండకి ఇంకా ఎక్కడి నుంచో చుక్క చుక్కగా వస్తూనే ఉంది.